ఎర్ర బండి మీద గీత

పిన్ని పాత లిప్‌స్టిక్కులు పారెయ్యదు. గొట్టం అడుగున మిగిలిన ముక్కని కూడా అగ్గిపుల్లతో గీకి ఒక చిన్న రేకు డబ్బాలో వేసి నాకిస్తుంది. నేను దాంట్లో కొవ్వొత్తి మైనం కలిపి సన్నని సెగ మీద కరిగించి, ఎర్ర బండ్ల మీద పడ్డ గీతల్లో నింపుతాను. నల్ల బండ్లకి బూటు పాలిష్ సరిపోతుంది. ఆరాక పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో పైపైన గీకాలి. ఎండకి కారకుండా కాస్త పౌడరు అద్దాలి. మెత్తబడ్డ బనీను గుడ్డతో రుద్దాలి. అంతా అయ్యాక ఆ గీత ఎక్కడుండేదో ఒక్కోసారి నాకే తెలియదు.

బాబాయిది సముద్రపు ఒడ్డున బండ్లు అద్దెకిచ్చే షాపు. బోర్డు మీద ఏటీవీలని రాసి ఉంటుంది. లావుపాటి టైర్లు నాలుగు, మధ్యలో మోటారు సైకిలు లాంటి సీటు, హ్యాండిలు. ఇసుకలోనూ బురదలోనూ పోతుంది. టూరిస్టు బస్సు ఎక్కడం ఇష్టంలేని వాళ్లూ, తమ దారిన తాము తిరగాలనుకునే వాళ్లూ వచ్చి పూటకో రోజుకో తీసుకెళ్తారు. మొత్తం ఆరు బండ్లు. నాలుగు నల్లవి, రెండు ఎర్రవి. అద్దె తెచ్చేవి అవే అయినా మిగుల్చేవి వాటి మీది గీతలు.

బండి ఇచ్చేటప్పుడు పిన్ని మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను.

"ముందు ఫోటోలు తీసుకోండి సార్. నాలుగు వైపులా తీసుకోండి. రేపు మీకూ మాకూ మాట రాకూడదు కదా."

ఆ మాటతో వాళ్ల మొహాలు విచ్చుకుంటాయి. మోసం చేసే షాపుల గురించి విని భయపడుతూ వచ్చినవాళ్లే అందరూ. అడక్కుండానే ఫోటోలు తియ్యమంటున్నారంటే వీళ్లు మంచివాళ్లే అనుకుంటారు. శ్రద్ధగా తీసుకుంటారు. ఆ ఫోటోల్లో ఒక్క గీత ఉండదు.

తిరిగొచ్చాక బాబాయి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఉప్పు నీళ్లు తగిలినట్టున్నాయి, ఒకసారి కడిగి చూద్దాం," అంటాడు. నేను కెటిల్లో కాచిన నీళ్లలో సబ్బు పొడి కలిపి పోస్తాను. ఇసుక పోవడానికి వేడినీళ్లు ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మైనం కరిగి గీత బయటపడుతుంది. పిన్ని బుగ్గలు నొక్కుకుంటుంది. "అయ్యో, ఇదెప్పుడు తగిలింది సార్? మీ ఫోటోల్లో చూడండి, ఉందేమో." వాళ్లు ఫోను తీసి చూసుకుంటారు. ఉండదు. డిపాజిట్లో సగం పిన్ని డ్రాయర్లోనే ఉండిపోతుంది.

నాకు రోత పుట్టేది ఆ డ్రాయరు చూసి కాదు. గీత కనపడ్డాక ఆ మనుషులు ఏమైపోతారో, అది చూసి.

ఒక్కరు కూడా "ఇది మేం చెయ్యలేదు" అని గట్టిగా అనరు. ముందు గీత వైపు చూస్తారు, తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకుంటారు. భర్త భార్య వైపు తిరిగి, "చెప్పానా, ఆ ముళ్లపొదల పక్కన ఆపొద్దని," అంటాడు. బండి నడిపింది అతనే. నలుగురు స్నేహితులొస్తే, ఆ సమయానికి చాయ్ తాగడానికి వెళ్లిన ఐదోవాడి మీదకి నెట్టేస్తారు. ఒక పెద్దాయన తన కర్ర చివర తగిలి ఉంటుందని నాలుగుసార్లు క్షమాపణ అడిగాడు. ఆయన కర్రకి రబ్బరు తొడుగు ఉంది. పోయిన నెలలో ఒక బ్యాంకు ఆఫీసరు, నా ఎదురుగా, పదేళ్ల కూతురి చెంప మీద కొట్టాడు. అది దారంతా చెప్పు కాలు బండికేసి తన్నుతూ కూర్చుందట. పిన్ని ఒక చేత్తో డ్రాయరు మూస్తూ, "పిల్లలండీ, కొట్టకండి, పోనివ్వండి," అంది. మర్నాడు పొద్దున ఆ గీతనే మళ్లీ నింపాను.

"దీనిది చెయ్యి కాదు, మిషను," అంటాడు బాబాయి నన్ను చూపించి. పిన్ని అయితే, "మా అక్క కూతురు. నోట్లోంచి మాట రాదుగానీ చేతిలో పనుంది," అంటుంది. వాళ్లు నన్ను మెచ్చుకున్నప్పుడల్లా ఒంటి మీద బల్లి పాకినట్టు ఉంటుంది.

ఆ రోజు పొద్దున్నే ముగ్గురు వచ్చారు. నలభై దాటిన ఒకావిడ, ఆవిడ తమ్ముడు, ఆరేళ్ల పాప. పాప అతని కూతురు. ఆవిడ దర్జీ. చేతి సంచికి ఒక పక్కన కుచ్చులా వేలాడుతున్న రంగు దారాలు చూడగానే తెలిసింది. మనుషుల భుజాలు కొలుస్తున్నట్టు చూస్తుంది. వచ్చీ రాగానే బాబాయి చొక్కా వైపు చూసి, "ఎడమ చెయ్యి అరంగుళం పొట్టి కుట్టారు మీకు," అంది. బాబాయి ఆ చెయ్యి లాక్కుని చూసుకున్నాడు.

"బస్సు ఉండగా ఇదెందుకురా," అంటోంది తమ్ముడితో.

"ఆ బస్సు ఎక్కడాపినా పది నిమిషాలేనక్కా. గైడు ఈల వేస్తే పరిగెత్తాలి. దీనికి గవ్వలు ఏరడం మొదలుపెట్టడానికే పది నిమిషాలు పడుతుంది. ఏరు సముద్రంలో కలిసే చోటికి అసలు బస్సే పోదు. దీని మీదైతే మేం ఆగాలనుకున్న చోట ఆగుతాం."

"ఆగాలనుకున్న చోట," అందావిడ, ఆ మాటని పళ్ల మధ్య కొరికి చూస్తున్నట్టు.

అతను లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ కొత్తగా తీసుకున్నది, మెరుస్తోంది. ఒకప్పుడు లారీ నడిపేవాడినని చెప్పాడు. తర్వాత పాపని తీసుకుని హెల్మెట్లు చూడ్డానికి పక్కకి వెళ్లాడు. అంతే, పిన్ని మొదలుపెట్టింది. ఎవరి కడుపులో ఏముందో రెండు నిమిషాల్లో లాగెయ్యడం పిన్నికి వెన్నతో పెట్టిన విద్య. ఆవిడ కూడా ఎవరితోనో ఒకరితో అనాలని ఉన్నట్టు చెప్పేసింది.

"పాపకి రెండేళ్లప్పుడు దాని తల్లి వేరే పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. వీడు తాగుడులో పడ్డాడు. అప్పట్నుంచీ అది నా దగ్గరే. ఇప్పుడు మానేశాడు, పదకొండు నెలలైంది. పిల్లని ఇచ్చెయ్యమంటున్నాడు."

"నమ్మొచ్చంటావా?"

"నమ్ముతున్నా. కానీ నమ్మడం వేరు, పిల్లని చేతిలో పెట్టడం వేరు కదమ్మా. అందుకే ఒక మాట అనుకున్నాం. నేను వెంట వెళ్లను. ఇక్కడే కూర్చుంటా. ఒంటి గంటకల్లా పిల్లనీ బండినీ ఇచ్చినవి ఇచ్చినట్టు తెచ్చి నా ముందు పెట్టాలి. పెడితే ఈ సెలవులవగానే పాప వాళ్ల నాన్న ఇంటికే వెళ్తుంది. లేదంటే ఇంకో ఏడాది ఆ ఊసెత్తకూడదు. వాడే ఒప్పుకున్నాడు."

"భలే పని చేశావు. అలా అయితేనే తెలుస్తుంది మనిషి సంగతి," అంది పిన్ని. అని నా వైపు చూసి గడ్డంతో ఎర్ర బండి చూపించింది.

ఆ బండి ముందు చక్రం మీది రేకుకి జానెడు గీత ఉంది. అంతకు ముందురోజు మధ్యాహ్నం గంటసేపు కూర్చుని నింపాను. నా పనుల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఒక నల్ల బండి మాత్రం కొత్తది, దాని మీద గీతలు లేవు. నేను పాప దగ్గరికి వెళ్లి, "ఆ నల్లది చూడు, కొత్తది," అన్నాను మెల్లగా.

"నాకు ఎర్రదే కావాలి," అంది పాప.

"ఎర్రది అడుగుతుంటే నల్లది అంటగడతావేంటే పిల్లకి," అంది పిన్ని నవ్వుతూ. మొహం నవ్వుతోంది, కళ్లు నవ్వడం లేదు.

అతను ఫోటోలు తీసినంత జాగ్రత్తగా ఇంకెవరూ తియ్యగా చూడలేదు నేను. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని చక్రాల లోపల, సీటు కింద, దీపాల చుట్టూ తీశాడు. మధ్యమధ్య అక్క వైపు చూస్తున్నాడు, చూస్తున్నావా అన్నట్టు. తర్వాత ఎర్ర రేకు మీద అరచెయ్యి పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరికి నిమిరాడు. అతని చెయ్యి నా మైనం మీంచి ఆగకుండా జారిపోయింది.

"అద్దంలా ఉందక్కా," అన్నాడు.

పాపని ముందు కూర్చోబెట్టుకుని, హెల్మెట్ పట్టీ రెండుసార్లు లాగి చూసి, నడకంత వేగంతో బయల్దేరాడు. పక్కన నడుస్తున్న కుక్క వాళ్లని దాటిపోయింది.

దర్జీ ఆవిడ బెంచీ మీద కూర్చుంది. పది నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండగలిగింది. తర్వాత ఆవిడ చూపు నా ముందున్న నల్ల బండి సీటు మీద పడింది. దాని అంచు చిరిగి స్పాంజి బయటికొచ్చింది.

"ఇది ఇలా వదిలేస్తే వారంలో మొత్తం పోతుంది. సూది ఉందా? లావుది," అంది. లేదంటే తన సంచిలోంచే తీసుకుంది.

చూస్తుండగానే ఆ సీటు కుట్టేసింది. రెక్సిను అంచు లోపలికి మడిచి, దారానికి మైనం రాసి, రెండు వరసలు వేసింది. పిన్ని వచ్చి చూసి, "ఎంత బాగా కుట్టావమ్మా, చేతులకి దండం పెట్టాలి," అని లోపలికి వెళ్లి ఇంకో సీటు పట్టుకొచ్చింది. అదయ్యాక ఇంకోటి. అదయ్యాక వరండా మీది పరదా గుడ్డ తెచ్చింది, చిరుగు పట్టిందని. ఆఖరికి తన జాకెట్టొకటి తెచ్చి, చంకల దగ్గర బిగుతుగా ఉంది, కాస్త వదులు చేసి పెట్టమంది. ఆవిడ దేనికీ కాదనలేదు. పని ఉంటే నయంలే, గడియారం చూడనక్కర్లేదు అంది.

పిన్ని ఆ జాకెట్టు వేసుకుని అద్దంలో చూసుకుంటూ, "సరిగ్గా కుదిరింది," అని నాకు కన్ను గీటింది. నేను తల తిప్పుకున్నాను.

నా పని ఆవిడ కుట్టేటప్పుడు సీటు కదలకుండా పట్టుకోవడం. అందుకని ఆవిడ పక్కనే కూర్చున్నాను. కుడుతూ కుడుతూ నాతో మాట్లాడేది. నా జవాబు కోసం ఎదురుచూడలేదు.

"తాగే రోజుల్లో ఏదడిగినా ఒకటే మాట వాడిది. గుర్తులేదక్కా, తప్పు నాదే అక్కా. లారీని గోడకెందుకు కొట్టావురా అంటే గుర్తులేదు, తప్పు నాదే. రెండేళ్ల పిల్లని బస్టాండులో వదిలేసి ఎలా వచ్చావురా అంటే గుర్తులేదు, తప్పు నాదే. నాకు వాడు తాగిన దానికన్నా ఆ మాటకే ఎక్కువ ఒళ్లు మండేది. తప్పు ఒప్పేసుకుంటే ఇంక మనం ఏమనగలం చెప్పు? చేతులు కట్టేసినట్టే. పదకొండు నెలలుగా ఆ మాట వినలేదు."

దారం పళ్లతో తెంపింది.

"ఇవాళ వాడు గెలవాలని ఉంది నాకు. గెలిస్తే పిల్ల వెళ్లిపోతుంది. రాత్రిళ్లు నా కుట్టుమిషను చప్పుడుకి తప్ప నిద్రపోదది. అయినా వాడు గెలవాలని ఉంది."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆవిడ చెవి నా నోటికి రెండు జానల దూరంలో ఉంది. పిన్ని కౌంటరు దగ్గర ఉన్నా, సముద్రం హోరులో వినపడేది కాదు. నేను చెప్పలేదు. దానికి బదులు ఒక ఉపాయం ఆలోచించుకుని, అది గొప్ప ఉపాయమనుకున్నాను. బండి రాగానే కెటిలు జోలికి పోకుండా చన్నీళ్లు పోసెయ్యాలి. మైనం కరగదు, గీత బయటపడదు. ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు, ఆవిడ మాట నిలబడుతుంది, పిన్ని ఇంట్లో నా చోటూ నిలబడుతుంది. లేచి వెళ్లి రెండు బకెట్ల చన్నీళ్లు నింపి పెట్టుకుని, ఏదో పుణ్యం చేసినదానిలా వచ్చి మళ్లీ ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఒంటి గంటకి ఇంకా పావుగంట ఉండగా వాళ్లు వచ్చారు. దూరం నుంచే తెలుస్తోంది, వెళ్లినంత నెమ్మదిగానే వస్తున్నాడు. పాప జుట్టు ఉప్పుకి గట్టిపడి నిలబడింది. దాని గౌను జేబులు రెండూ గవ్వలతో కిందికి లాగుతున్నాయి. దిగీ దిగగానే, "అత్తా, మేం ఎన్నిసార్లు ఆగామో తెలుసా? పదిహేడుసార్లు," అంది.

"ఇది లెక్కపెట్టింది," అన్నాడతను. నవ్వుతుంటే అతని మొహం వేరేలా ఉంది. "పీతని చూడ్డానికి కూడా ఆగాం. అది కన్నంలోకి పోయి మళ్లీ వచ్చేదాకా ఆగాం."

వచ్చే దారిలో ఏటి దగ్గర తన చొక్కాతోనే బండి తుడుచుకొచ్చాడు. చొక్కా తడిసి ఇసుక పట్టి ఉంది. బండి ఇచ్చినప్పటి కన్నా శుభ్రంగా ఉంది. కడగాల్సిన పనే లేదు.

దర్జీ ఆవిడ పాపని తల నుంచి కాళ్ల దాకా చూసింది. తర్వాత బండి చుట్టూ తిరిగి చూసింది. అతను పక్కనే నడిచాడు, పరీక్ష పేపరు దిద్దుతుంటే నిలబడ్డవాడిలా. తిరగడం అయ్యాక ఆవిడ అతని తడిసిన కాలరు సరిచేసింది.

నేను బకెట్టు ఎత్తాను.

"చన్నీళ్లెందుకే? నూనె జిడ్డు పోదు. ఉండు," అంది వెనకనుంచి పిన్ని. కెటిలు తన చేతిలో ఉంది. ఆవిరి పైకి లేస్తోంది.

"జిడ్డేం లేదు పిన్నీ. తుడిచే తెచ్చారు."

"నీకు తెలియదులే. తప్పుకో."

సీట్లన్నీ కుట్టించుకుంది కదా, జాకెట్టు ఒంటి మీదే ఉంది కదా, ఇవాళ్టికి వదిలేస్తుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. పిన్ని తిన్నగా ముందు చక్రం దగ్గరికి వెళ్లి, ఆ రేకు మీదే పోసింది. ఇంకెక్కడా పొయ్యలేదు. ఎర్రటి నీళ్లు సన్నగా చక్రం మీదకి కారాయి. బనీను గుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది. జానెడు గీత, లోపలి తెల్లటి పూత కనిపించేటంత లోతుగా, బయటపడింది.

"అయ్యో," అంది పిన్ని, బుగ్గలు నొక్కుకుని. "ఇదెప్పుడు తగిలింది బాబూ?"

దర్జీ ఆవిడ గీత వైపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు చూసింది. ఫోటోలు చూపించమని అడగలేదు, పిన్నిని ఏమీ అడగలేదు. ముందు అతని వైపే చూసింది. ఆ చూపు ఎన్నో ఏళ్లుగా వాడివాడి నున్నబడ్డ చూపు.

అతను గీత వైపు చూస్తూ నిలబడ్డాడు. పెదవి నాలుకతో తడుపుకున్నాడు. పొద్దున అరచేత్తో నిమిరిన చోటే అది.

"ఎక్కడో తగిలినట్టుంది అక్కా," అన్నాడు.

"ఎక్కడ?"

"గుర్తులేదు. తప్పు నాదే," అన్నాడు.

పాప తండ్రి చొక్కా పట్టుకు లాగింది. "ఎక్కడా తగల్లేదత్తా. నాన్న పొదలకి కూడా దూరంగా పోనిచ్చాడు. నేను చూశా."

"నువ్వు ఊరుకో. ఇలా రా," అంది దర్జీ ఆవిడ. గొంతు పెంచలేదు. పాప చెయ్యి పట్టుకుని తన పక్కకి లాక్కుంది. అంత మామూలుగా లాక్కుంది, రోడ్డు మీద వాహనం వస్తుంటే లాక్కున్నట్టు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "మరేం పర్లేదండీ, జరుగుతుంటాయి. ఆ డిపాజిట్ సంగతి చూసుకుంటే సరిపోతుంది."

"తీసుకోండి. మొత్తం తీసుకోండి," అన్నాడతను. చేతులు జోడించబోతున్నవాడిలా ముందుకి వంగాడు. చెయ్యని పనికి అంత సులువుగా వంగిన ఆ వీపు చూస్తుంటే నా ఒళ్లంతా కంపరమెత్తింది. అతని మీద కాదు. ఆ వీపు మీదకి కెటిలు పట్టుకుని నిలబడ్డ మా అందరి మీద.

"అది పాత గీతండీ," అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "అది పాతది. నిన్న మధ్యాహ్నం నేనే నింపాను. మైనంతో. వేడినీళ్లు పోస్తే పోతుంది."

పిన్ని నవ్వింది. "దీనికి ఎండ దెబ్బ తగిలిందమ్మా. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. లోపలికి పో నువ్వు."

"ఆ చివర, రబ్బరు పట్టీ కింద చూడండి. అక్కడ నీళ్లు చేరలేదు. ఇంకా ఉంటుంది."

దర్జీ ఆవిడ పాప చెయ్యి వదిలి వంగింది. వేలిగోరు రబ్బరు పట్టీ కింద దూర్చి లాగింది. పురికొస లాంటి ఎర్రటి మైనపు తీగ వచ్చింది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత తలెత్తి పిన్ని పెదవుల వైపు చూసింది. చాలాసేపు చూసింది. పిన్ని చేతి వెనకభాగంతో మూతి తుడుచుకుంది, తుడుచుకుంటున్నానని తెలియకుండానే.

"వ్యాపారమన్నాక..." అంటూ మొదలుపెట్టాడు బాబాయి. డ్రాయరు తీసి డిపాజిట్ మొత్తం బల్ల మీద పెట్టి, "తీసుకెళ్లండి. మాటా మాటా అనుకోవడం ఎందుకు. మా వల్ల మీ సెలవు పాడవకూడదు," అన్నాడు, తన జేబులోంచి దానం చేస్తున్నట్టు. ఆ గొంతులో సిగ్గు వెతికాను. ఎక్కడా దొరకలేదు. పిన్ని అప్పటికే నా వైపు చూడ్డం మానేసి, ఎవరైనా కొత్తవాళ్లు వస్తున్నారేమోనని రోడ్డు వైపు చూస్తోంది.

ఆ డబ్బు ఎవరూ ముట్టుకోలేదు. దర్జీ ఆవిడ తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"దారి గుర్తుందా నీకు?"

"ఉంది."

"అంతా?"

"ప్రతి మలుపూ గుర్తుందక్కా. పదిహేడు చోట్లా గుర్తున్నాయి."

"మరి గుర్తులేదన్నావేం?"

అతను జవాబు కోసం ఇసుకలోకి చూశాడు. "గీత కనపడగానే నేనే అయ్యుంటాననిపించింది. ఎప్పుడూ నేనే కదా."

"తాగకుండా అబద్ధమాడావు ఇవాళ. పిల్ల ఎదురుగా."

"నువ్వు ముందే నా వైపు చూశావక్కా," అన్నాడతను. నిష్ఠూరంగా అనలేదు. టైమెంతైందో చెప్పినట్టు అన్నాడు.

ఆవిడ వెళ్లి బెంచీ మీద కూర్చుంది. పక్కన తను కుట్టిన మూడు సీట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటికేసి చూసి, కొంచెం జరిగి దూరంగా కూర్చుంది. పాప ఆవిడ ఒళ్లోకి ఒక్కొక్క గవ్వే తీసి పెట్టడం మొదలుపెట్టింది. ఎన్ని పెట్టినా ఆవిడ వాటిని చూడటం లేదు. బాబాయి కౌంటరు వెనక ఏవో కాగితాలు సర్దుతున్నాడు, వీళ్లు ఎప్పుడు వెళ్తారా అన్నట్టు.

చివరికి ఆవిడ సంచి తెరిచింది. అడుగునుంచి పాప బట్టలు ఒక్కొక్కటే తీసింది. రెండు గౌన్లు, ఒక స్వెట్టరు, మడత విప్పని లోపలి బట్టలు. వాటన్నిటికీ అంచులు చేతి కుట్టువే. తమ్ముడికి ఇచ్చింది.

"నీ సంచిలో పెట్టుకో."

అతను తీసుకోలేదు. "నేను ఇందాక..."

"ఇచ్చినవి ఇచ్చినట్టు తెచ్చావు. అదే కదా మన మాట. నా మాటే నేను సరిగ్గా చూసుకోలేదు." బట్టలు అతని చేతుల్లోకి నెట్టింది. "ఇంకోసారి చెయ్యని దానికి ఒప్పుకున్నావంటే మాత్రం ఊరుకోను. దానికి అదే నేర్పుతావా? బడిలో ఎవడి పలక పగిలినా నేనే అని నిలబడుతుంది."

అతను తల ఊపాడు. బట్టలు సంచిలో పెట్టుకోవడానికి చాలా సేపు పట్టింది. పాప, "స్వెట్టరు పైన పెట్టు నాన్నా, నలుగుతుంది," అని చెబుతోంది.

బల్ల మీది డబ్బు ఆవిడ లెక్కపెట్టకుండానే తీసుకుంది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. మంచిమాట ఏదో అంటుందనుకున్నాను. ఒక మాట చెప్పాను కదా, చెప్పినందుకు ఏదో ఒకటి అంటుందని, నిజంగానే, నా మొహం అందుకు సిద్ధమైపోయింది.

"పొద్దున్నుంచీ నా పక్కనే కూర్చున్నావు," అంది.

అంతే అంది. ఆవిడ కళ్లల్లో పిన్ని పెదవుల వైపు చూసినప్పటి చూపే ఉంది. అది నా మీద ఎంతసేపుందో తెలియదు. నేను తల దించుకున్నాను. దించుకుంటే గోళ్ల సందుల్లో ఎర్రరంగు కనిపించింది. వేళ్లు ముడుచుకున్నాను.

వాళ్లు బస్టాపు వైపు నడిచారు. అతను ఒక భుజం మీద సంచి, ఇంకో భుజం మీద పాప. పాప అతని జుట్టు పట్టుకుని ఏదో చెబుతోంది, పద్దెనిమిదోసారి ఎక్కడ ఆగాలో. దర్జీ ఆవిడ నాలుగడుగులు వెనకగా నడుస్తోంది. సంచి తేలికైపోయింది కాబోలు, దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది. ఏ చేతిలో పెట్టుకున్నా కుదరనట్టు మళ్లీ మార్చుకుంటోంది.